ఔషధ పరిశోధనకు సరుకు కొనడం: వేదిక మారిన ప్రతిసారీ పొరపాటు చోటు మారింది

మందుల మీద పరిశోధన చేసే ల్యాబ్‌కు ఒక విడత ప్రయోగాలకు కావాల్సిన సరుకు రాసి చూస్తే పెద్ద జాబితా కాదు. మందులోని మాలిన్యాన్ని పోల్చి కొలవడానికి వాడే శుద్ధ నమూనా, అంటే ఇంప్యూరిటీ స్టాండర్డ్ 10 మిల్లీగ్రాములు, మిశ్రమాన్ని విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రానికి తగిన గ్రేడ్ అసిటోనైట్రైల్ ద్రావకం రెండున్నర లీటర్ల సీసాలు నాలుగు, ఆ యంత్రంలో విడదీసే పని చేసే గొట్టం, అంటే సి18 కాలమ్ ఒకటి, కణాల పెంపకానికి దూడ పిండం రక్తం నుంచి తీసే ఫీటల్ బోవైన్ సీరం 500 మిల్లీలీటర్లు. హనుమకొండలోని కాకతీయ విశ్వవిద్యాలయం ఫార్మసీ విభాగమైనా, వరంగల్ చుట్టూ ఉన్న ప్రైవేటు ఫార్మసీ కాలేజీలైనా వీటిలో ఒకటో రెండో లేకుండా ప్రయోగం కదలదు. అయితే ఈ నాలుగూ ఒకే తోవలో రావు. ద్రావకం హైదరాబాద్ డీలర్ గోదాం నుంచి లారీలో వస్తుంది. స్టాండర్డ్ చిన్న గాజు వయల్‌లో కొరియర్‌లో వస్తుంది. కాలమ్ చాలాసార్లు విదేశం నుంచి దిగుమతవుతుంది. సీరం గడ్డకట్టిన స్థితిలో డ్రై ఐస్ పెట్టెలో రావాలి.

ముప్పై ఏళ్లుగా ఈ కొనుగోలును కంప్యూటర్ మీదికి తెచ్చే ప్రయత్నాలు జరుగుతున్నాయి. లావు కేటలాగ్ పుస్తకాలు వెబ్‌సైట్లయ్యాయి, సీల్డ్ కవర్లు ఈ-టెండర్లయ్యాయి. వెతుకులాట రోజుల నుంచి నిమిషాలకు తగ్గింది. కాని తప్పు సరుకు రావడం ఆగలేదు. ఒకప్పుడు ఆ తప్పు ఫోన్‌లో వినడంలోనో, చేతిరాత చదవడంలోనో జరిగేది. ఇప్పుడు తెర మీద ఎంచుకున్న ఒక్క వరుసలో, లేదా నింపకుండా వదిలేసిన ఒక్క గడిలో జరుగుతోంది. కాబట్టి ఈ వేదికల చరిత్రను అవి దేన్ని వేగవంతం చేశాయన్న వైపు నుంచే కాక, పొరపాటును ఎక్కడికి జరిపాయన్న వైపు నుంచి కూడా చూడాలి.

కాగితం రోజులు

పాత పద్ధతి అందరికీ తెలిసిందే. స్కాలర్ ఇండెంట్, అంటే కావాల్సిన సరుకు జాబితా రాస్తాడు, గైడ్ సంతకం పెడతారు, ఆఫీసు ముగ్గురు డీలర్లకు ఉత్తరం పంపి కొటేషన్లు తెప్పిస్తుంది. కంపారిటివ్ స్టేట్‌మెంట్ తయారవుతుంది, తక్కువ ధర రాసినవారికి ఆర్డర్ వెళ్తుంది. సరుకు వచ్చాక స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కించి బిల్లు పాస్ చేస్తారు. ఈ వరుసలో బలం ఒకటే: డీలర్‌కు ల్యాబ్ తెలుసు. పోయినసారి ఏ కంపెనీ సోడియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ పంపాడో, అది డైహైడ్రేటో మోనోహైడ్రేటో, అంటే దానితో రెండు నీటి అణువులున్నాయో ఒకటుందో అతనికి గుర్తుంటుంది. ఇండెంట్‌లో రాయని వివరాన్ని అతని జ్ఞాపకం పూరించేది.

కంప్యూటర్ ఆ జ్ఞాపకాన్ని తీసేసింది. దాని స్థానంలోకి సంకేతాలు రావాల్సి వచ్చింది. రసాయనాలకు ఆ పని చేసేది క్యాస్ నంబరు. అమెరికన్ కెమికల్ సొసైటీకి చెందిన కెమికల్ అబ్‌స్ట్రాక్ట్స్ సర్వీస్ 1965లో మొదలుపెట్టిన రిజిస్ట్రీ అది. ఒక్కో పదార్థానికి ఒక్కో నంబరు, చివరి అంకె సరిచూసుకోవడానికి. రసాయనాల కేటలాగ్‌లలో సరుకును గుర్తించడానికి ఎక్కువగా వాడేది ఈ నంబరే. అందుకే దీని గురించి కింద వివరంగా చెప్పుకోవాలి.

కెమ్‌డెక్స్ ఎందుకు మూతపడింది

పరిశోధన సరుకు కోసమే ప్రత్యేకంగా ఆన్‌లైన్ అంగడి పెట్టాలన్న ఆలోచన అమెరికాలో 1990ల మధ్యలో పుట్టింది. 1995లో సైక్వెస్ట్, 1997లో డేవిడ్ పెర్రీ స్థాపించిన కెమ్‌డెక్స్ మొదలయ్యాయి. రెండూ 1999లో షేర్ మార్కెట్‌లోకి వచ్చాయి. కెమ్‌డెక్స్ అనేక సరఫరాదారుల యాంటీబాడీలు, ఎంజైములు, రియేజెంట్లను ఒక్కచోట చేర్చి వెతుక్కునే వీలు కల్పించింది. శాస్త్రవేత్తలకు ఆ వెతుకులాట నచ్చింది. అయినా 2000 ఆరంభంలో వెంట్రో అని పేరు మార్చుకున్న ఆ కంపెనీ అదే ఏడాది డిసెంబరులో ఆ అంగడిని మూసేస్తున్నట్టు ప్రకటించింది.

కారణం సాంకేతిక లోపం కాదు. పెద్ద మందుల కంపెనీలు తమ సరఫరాదారులతో అప్పటికే ధరలు మాట్లాడుకుని ఉన్నాయి. మధ్యలో కొత్తగా వచ్చినవారికి మిగిలే మార్జిన్ చాలా తక్కువ. పైగా ఒక్కో కొనుగోలుదారు అకౌంట్స్ సాఫ్ట్‌వేర్‌తో వేదికను కలపడానికి అయ్యే ఖర్చు ఆ మార్జిన్‌ను మించిపోయింది. సైక్వెస్ట్ వేరే తోవ పట్టింది. సరుకు అమ్మే పని వదిలి, విశ్వవిద్యాలయాలకు, కంపెనీలకు కొనుగోలు సాఫ్ట్‌వేర్ అమ్మడం మీద నిలబడింది. అది 2017 నుంచి జగ్గేర్ పేరుతో నడుస్తోంది. అమ్మేవాడు వేరు, కొనే పద్ధతిని నడిపేవాడు వేరు అన్న విభజన అప్పుడే స్థిరపడింది.

ఆ విభజనను సాధ్యం చేసింది పంచ్-అవుట్ అనే ఏర్పాటు. పరిశోధకుడు తన సంస్థ కొనుగోలు సాఫ్ట్‌వేర్‌లోంచే సరఫరాదారు వెబ్‌సైట్‌లోకి వెళ్తాడు. అక్కడ తన సంస్థకు ఒప్పుకున్న ధరలే కనిపిస్తాయి. బుట్టలో వేసుకున్న సరుకు ఆర్డర్‌గా మారకుండా ముందు సంస్థ సాఫ్ట్‌వేర్‌కు తిరిగి వస్తుంది. అక్కడ బడ్జెట్ చూసేవారు, సంతకం పెట్టేవారు ఆమోదించాకే ఆర్డర్ వెళ్తుంది. ఇందుకోసం అరిబా, మరికొన్ని కంపెనీలు 1999లో సీఎక్స్ఎంఎల్ అనే ఉమ్మడి డేటా రూపాన్ని తెచ్చాయి. దీనివల్ల కేటలాగ్‌ను సరఫరాదారే తాజాగా ఉంచుతాడు, పాత ధరకు ఆర్డర్ వెళ్లదు. ఇక్కడ పొరపాటు ప్యాక్ సైజు దగ్గర జరుగుతుంది. ఒకే ఉత్పత్తికి 5 గ్రాములు, 25 గ్రాములు, 100 గ్రాముల ప్యాక్‌లకు కేటలాగ్ నంబరు చివర మాత్రమే తేడా ఉంటుంది. సంఖ్య గడిలో 25 అని నింపితే 25 గ్రాముల సీసా ఒకటి కాక, 5 గ్రాముల సీసాలు 25 వచ్చిపడతాయి.

ఆ తర్వాతి మలుపు సరుకు నుంచి సేవలకు. 2007లో అస్సే డిపోగా మొదలై తర్వాత సైంటిస్ట్ డాట్ కామ్‌గా పేరు మార్చుకున్న వేదిక, 2011లో వచ్చిన సైన్స్ ఎక్స్‌ఛేంజ్ ఈ కోవలోవి. ఒక అణువును సంశ్లేషణ చేయించాలన్నా, ఎలుకల్లో దాని రక్తస్థాయిలు కొలిపించాలన్నా ఒక్కో కాంట్రాక్ట్ ల్యాబ్‌తో విడివిడిగా రహస్య ఒప్పందం రాసుకుని, న్యాయ విభాగాలు పరిశీలించేసరికి నెలలు గడిచేవి. ఈ వేదికలు ముందే ఒక ఉమ్మడి ఒప్పందం కింద ల్యాబ్‌లను చేర్చుకుని ఆ సమయాన్ని తగ్గించాయి. హైదరాబాద్‌లోని అరాజెన్, సాయి లైఫ్ సైన్సెస్ వంటి కాంట్రాక్ట్ పరిశోధన కంపెనీలు ప్రపంచానికి అమ్మేది సరిగ్గా ఈ రకం పనే. వరంగల్ నుంచి కెమిస్ట్రీ, ఫార్మసీ చదివి వెళ్లే వారిలో ఎంతోమందికి ఉద్యోగమూ అక్కడే. ఇక్కడి ల్యాబ్‌లు ఆ మార్కెట్‌లో కొనుగోలుదారులుగా కనబడటం మాత్రం అరుదు.

అణువుల కేటలాగ్‌లలో వచ్చిన ఇంకో మార్పు గమనించాలి. ఉక్రెయిన్ కంపెనీ ఎనామిన్ ‘రియల్’ పేరుతో ఇచ్చే జాబితాలో వందల కోట్ల అణువులున్నాయి. అవి అల్మరాలో ఉన్నవి కావు. ఆర్డర్ ఇచ్చాక మూడు నాలుగు వారాల్లో తయారు చేసిస్తారు. సుమారు 80 శాతం ప్రయత్నాలు ఫలిస్తాయని ఆ కంపెనీ చెబుతుంది. అంటే అయిదు ఆర్డర్లలో ఒకటి రాకపోవచ్చు. కంప్యూటర్‌లో డాకింగ్ చేసి, అంటే ఏ అణువు ప్రొటీన్‌కు అతుకుతుందో లెక్కగట్టి, పది అణువులు ఎంచుకున్న స్కాలర్ ఆ లెక్క ముందే వేసుకుని పన్నెండో పదమూడో అడగాలి. వెతికినప్పుడు కనిపించిన ప్రతిదీ నిల్వలో ఉందనుకుంటే ప్రాజెక్టు కాలమే కరిగిపోతుంది.

మన దగ్గర: టెండరు నుంచి జెమ్ దాకా

తెలుగునాట ప్రభుత్వ ఈ-కొనుగోలు పరిశోధన కోసం పుట్టలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2003లో ఈ-ప్రొక్యూర్‌మెంట్ వేదిక తెచ్చింది, దృష్టి ప్రధానంగా రోడ్లు, సాగునీటి పనుల టెండర్ల మీద. బాక్స్ దగ్గర కాపు కాసి పోటీదారులను టెండరు వేయనీయకపోవడం అప్పట్లో పెద్ద సమస్య. దాన్ని ఆ వేదిక నిజంగానే తగ్గించింది. కాని ఆ అచ్చులో ల్యాబ్ సరుకును పోయడం కష్టం. సిమెంటుకు గ్రేడ్ రాస్తే చాలు, ఒక హెచ్‌పీఎల్‌సీ కాలమ్‌కు పది లక్షణాలు రాయాలి.

కేంద్రం 2016 ఆగస్టులో గవర్నమెంట్ ఈ-మార్కెట్‌ప్లేస్, అంటే జెమ్ ప్రారంభించింది. 2017 సాధారణ ఆర్థిక నియమాలు, వాడుకలో జీఎఫ్ఆర్, 149వ నియమం కింద జెమ్‌లో దొరికే సరుకును అక్కడే కొనాలన్నాయి. ఇప్పుడు 50 వేల రూపాయల వరకు నేరుగా, ఆపైన 10 లక్షల వరకు కనీసం ముగ్గురు తయారీదారుల సరుకు పోల్చి అందులో తక్కువ ధరకు, అది దాటితే బిడ్ పిలిచి కొనాలి. నిట్ వరంగల్ లాంటి కేంద్ర సంస్థకు ఇది నేరుగా వర్తిస్తుంది. రాష్ట్ర విశ్వవిద్యాలయానికి రాష్ట్ర నియమాలున్నా, కేంద్ర సంస్థల నుంచి వచ్చే ప్రాజెక్టు గ్రాంటుకు, నిధులు వాడిన లెక్క చూపే యుటిలైజేషన్ సర్టిఫికెట్ ఇవ్వాల్సినప్పుడు జీఎఫ్ఆర్ నియమాలే ఎదురవుతాయి.

జెమ్ కుర్చీలకు, కంప్యూటర్లకు, ప్రింటర్ కార్ట్రిడ్జ్‌లకు బాగా పనిచేసింది. రసాయనాల దగ్గర ఇబ్బంది వేరు. అక్కడి కేటగిరీలో తయారీదారు ఎవరో స్పష్టంగా లేని సీసాలు, పేరున్న కంపెనీల సీసాలు పక్కపక్కనే ఉంటాయి. పోల్చే పట్టికలో స్వచ్ఛత శాతం ఒకటే కనిపిస్తుంది. 99 శాతం అని రాసిన రెండు అసిటోనైట్రైల్ సీసాల్లో ఒకటి గ్రేడియంట్‌కు, అంటే ద్రావకాల పాళ్లు మారుస్తూ నడిపే పరీక్షకు పనికొస్తుంది, రెండోది గ్రాఫ్ అడుగు గీతను, అంటే బేస్‌లైన్‌ను కొండలా పైకి లేపుతుంది. తేడా చేసేది ఆ మిగిలిన ఒక్క శాతంలో ఏముందన్నది. అతినీలలోహిత కిరణాలను పీల్చే మాలిన్యాలు లక్షలో కొన్ని వంతులున్నా 210 నానోమీటర్ల దగ్గర కనిపిస్తాయి. అందుకే స్పెసిఫికేషన్‌లో స్వచ్ఛత శాతంతో పాటు 200, 210, 220 నానోమీటర్ల దగ్గర గరిష్ఠ శోషణ, నీటి శాతం, ఆవిరయ్యాక మిగిలే పదార్థం, ఎంత రంధ్రం ఫిల్టర్‌తో వడపోశారన్నది రాయాలి. ఇవి రాయని బిడ్‌లో తక్కువ ధర చెప్పినవారిని కాదనడానికి కమిటీకి ఆధారం ఉండదు.

జెమ్‌లో దొరకని సరుకు బయట కొనాలంటే ముందు ఆ వేదిక నుంచే ‘లభ్యత నివేదిక, గత లావాదేవీల సారాంశం’ తీసుకోవాలి. దానికి ఒక ప్రత్యేక సంఖ్య వస్తుంది. ఆ సంఖ్య ఫైల్‌లో లేకుండా బయట కొన్న బిల్లుకు ఆడిట్ అభ్యంతరం ఖాయం. ఇందులోనూ చిక్కుంది. వెతికే పదం ‘కాలమ్’ అని వేస్తే వేరే సరుకులు చూపించి ‘లభ్యం’ అంటుంది. కేటగిరీ పేరు, కొలతలు కచ్చితంగా ఇచ్చి తీసుకున్న నివేదికే ఉపయోగపడుతుంది.

శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి చేసిన విన్నపాలకు 2025 జూన్‌లో కొంత ఊరట దొరికింది. కేంద్ర శాస్త్ర విభాగాల పరిధిలోని సంస్థలతో పాటు పీజీ, డాక్టరేట్ స్థాయి పరిశోధన నడిపే కేంద్ర విద్యాసంస్థల అధిపతులు శాస్త్రీయ పరికరాలు, వినియోగ వస్తువులను జెమ్ వెలుపల కొనే అధికారం పొందారు. కొటేషన్ లేకుండా కొనే పరిమితి లక్ష నుంచి 2 లక్షలకు, కొనుగోలు కమిటీ ద్వారా కొనే పరిమితి 10 లక్షల నుంచి 25 లక్షలకు పెరిగింది. ఇది సరైన నిర్ణయం. 10 మిల్లీగ్రాముల ఇంప్యూరిటీ కోసం బిడ్ పిలవడం వల్ల ప్రభుత్వానికి ఒక్క రూపాయి మిగలదు, స్కాలర్‌కు మాత్రం ఒక సెమిస్టర్ పోతుంది. ఇదే వెసులుబాటు రాష్ట్ర విశ్వవిద్యాలయాలకూ అవసరం.

ధర మీద పన్నుల ప్రభావాన్నీ లెక్కలో ఉంచుకోవాలి. ప్రభుత్వ నిధులతో నడిచే పరిశోధన సంస్థలకు 5 శాతం రాయితీ జీఎస్టీ ఉండేది, 2022 జూలై 18 నుంచి ఎత్తేశారు. 18 శాతం పడే పరికరానికి అదే గ్రాంటు మీద భారం ఒక్కసారిగా పెరిగింది. 2024 జూలై బడ్జెట్‌లో ల్యాబ్ రసాయనాల కస్టమ్స్ సుంకాన్ని 10 నుంచి 150 శాతానికి పెంచారు. ఆ శీర్షిక కింద మద్యం గాఢద్రావణాలు దిగుమతి అవుతున్నాయన్నది కారణం. పరిశోధకులు ఆందోళన చెందడంతో కొద్ది రోజుల్లోనే, సొంత వాడకానికేనని హామీపత్రం ఇచ్చేవారికి తిరిగి 10 శాతమే చేశారు. కొటేషన్ గడువు 90 రోజులు దాటితే దిగుమతి సరుకుకు డీలర్లు ధర నిలబెట్టుకోలేకపోవడానికి డాలర్‌తో పాటు ఇలాంటి మార్పులూ కారణమే.

ఇండెంట్ వరుస ఎలా రాయాలి

వేదిక ఏదైనా తప్పు మొదలయ్యేది ఇక్కడే. ఉదాహరణకు మెట్‌ఫార్మిన్. విడి క్షారానికి క్యాస్ నంబరు 657-24-9, హైడ్రోక్లోరైడ్ లవణానికి 1115-70-4. నంబరు టైపు చేయడంలో తప్పు పడిందో లేదో కాగితం మీదే చూసుకోవచ్చు. చివరి అంకె వదిలి, కుడి నుంచి ఎడమకు అంకెలను 1, 2, 3 చొప్పున వరుసగా గుణించి కలపాలి. 1115-70-4కు 0×1, 7×2, 5×3, 1×4, 1×5, 1×6 కలిపితే 44. ఒకట్ల స్థానంలో 4, నంబరు చివరి అంకె కూడా 4, కాబట్టి సరే. ఇండెంట్‌లో మందు పేరు, లవణం, క్యాస్ నంబరు, అణుభారం నాలుగూ ఉంటే వేదిక మీద ఏ వరుస ఎంచుకున్నా ఒకదానితో ఒకటి సరిపోలుతుందో లేదో తేలిపోతుంది.

లవణం తేడా ఎంత నష్టం చేస్తుందో చూడండి. మెట్‌ఫార్మిన్ హైడ్రోక్లోరైడ్ అణుభారం 165.62, క్షారం 129.16. తారుమారైతే ఫలితం 22 శాతం తప్పుతుంది, మందు ఎంతుందో కొలిచే మొదటి అస్సేలోనే దొరికిపోతుంది. డైక్లోఫెనాక్ విషయంలో ఆమ్లం 296.15, సోడియం లవణం 318.13. తేడా 7 శాతమే. మాత్రలకు సాధారణంగా అనుమతించే 90–110 శాతం హద్దుల్లో అది కనిపించకుండా దాక్కుంటుంది. ఇలాంటి చిన్న తేడాలే ఎక్కువ ప్రమాదం. థీసిస్ పరీక్ష దాకా ఎవరికీ అనుమానం రాదు.

ఇంప్యూరిటీ స్టాండర్డ్‌లు హైదరాబాద్ చుట్టూ ఎన్నో చిన్న కంపెనీలు తయారు చేస్తున్నాయి. వాటిని తిరిగి అమ్మే వ్యాపారులు ఆన్‌లైన్ అంగళ్ల నిండా ఉన్నారు. ధర అడిగేముందు విశ్లేషణ పత్రం, అంటే సీఓఏ నమూనా అడగాలి. అందులో తయారీ విడతను చెప్పే లాట్ నంబరు, హెచ్‌పీఎల్‌సీ గీసే శిఖరాల గ్రాఫ్, అంటే క్రొమాటోగ్రామ్, అణువు ఏదో గుర్తించే మాస్, ఎన్ఎంఆర్ స్పెక్ట్రాలు, నీటి శాతం, తిరిగి పరీక్షించాల్సిన తేదీ ఉండాలి. క్రొమాటోగ్రామ్ జతచేయకుండా శాతం మాత్రమే రాసిన పత్రాన్ని పక్కన పెట్టడం మంచిది. హెచ్‌పీఎల్‌సీ స్వచ్ఛత అంటే కనిపించిన శిఖరాల విస్తీర్ణంలో వాటా. నీరు, అకర్బన లవణం ఆ డిటెక్టర్‌కు కనబడవు. స్వచ్ఛత 98.5 శాతం, నీరు 4 శాతం ఉన్న పొడి అసలు బలం 98.5ను 0.96తో గుణిస్తే వచ్చే 94.56 శాతం. ట్రైఫ్లోరోఅసిటిక్ ఆమ్లం వాడి ప్రిపరేటివ్ హెచ్‌పీఎల్‌సీతో శుద్ధి చేసిన క్షారాలు తరచూ ట్రైఫ్లోరోఅసిటేట్ లవణాలుగా వస్తాయి, ఆ ఆమ్లం బరువూ తీసేయాలి. పరిమాణాత్మక పనికి, మందుల నాణ్యత ప్రమాణాలు నిర్ణయించే భారత ఫార్మకోపియా కమిషన్ ఘాజియాబాద్ నుంచి ఇచ్చే ప్రామాణిక పదార్థం దొరికితే అదే కొనాలి, దాని ధర విశ్వవిద్యాలయాలకు అందుబాటులోనే ఉంటుంది.

కాలమ్‌కు ‘సి18, 250×4.6’ అని రాసి ఊరుకోకూడదు. కణం సైజు, రంధ్రం సైజు, కార్బన్ శాతం, ఎండ్‌క్యాపింగ్ (మిగిలిన సిలికా కొసలను మూసేయడం) ఉందో లేదో, తట్టుకునే పీహెచ్ హద్దులు, వాడబోయే పద్ధతిలో కావాల్సిన రిజల్యూషన్ (శిఖరాలు ఎంత విడిపోవాలన్నది) రాయాలి. ప్రచురితమైన పద్ధతిని అలాగే చేయాల్సి ఉంటే ఆ బ్రాండే కావాలని చెప్పే ప్రొప్రైటరీ సర్టిఫికెట్ పెట్టడంలో తప్పులేదు. కారణం మాత్రం సాంకేతికంగా ఉండాలి. ‘గైడ్ సూచన మేరకు’ అన్న వాక్యం ఆడిట్ ముందు నిలవదు.

ద్రావకం ఎంత కావాలో లెక్కగట్టి రాస్తే అత్యవసర కొనుగోళ్లు తగ్గుతాయి. నిమిషానికి 1 మిల్లీలీటర్, కాలమ్ గుండా పారే ద్రవం, అంటే మొబైల్ ఫేజ్‌లో 60 శాతం అసిటోనైట్రైల్, రోజుకు 8 గంటలు అనుకుంటే రోజుకు 288 మిల్లీలీటర్లు. కాలమ్ కడగడం, స్థిరపరచడం కలిపి ఇంకో నాలుగో వంతు వేసుకుంటే 360. రెండున్నర లీటర్ల సీసా ఏడు రోజులకు సరిపోతుంది. నాలుగు సీసాలంటే నెల పని. అసిటోనైట్రైల్ ఎక్రిలోనైట్రైల్ తయారీలో వచ్చే ఉపఉత్పత్తి కాబట్టి ప్లాస్టిక్, ఫైబర్ పరిశ్రమ మందగించినప్పుడు ల్యాబ్‌లకు కొరత వస్తుంది. 2008–09లో ప్రపంచమంతటా అదే జరిగింది. పద్ధతి అభివృద్ధి దశలోనే మెథనాల్‌తో కూడా నడుస్తుందేమో చూసి పెట్టుకోవడం తెలివైన పని, అయితే మెథనాల్ 205 నానోమీటర్ల కింద వాడటానికి వీలుకాదు.

మార్కెట్‌లోని మాత్రలను పోలిక కోసం కొనేటప్పుడు పొరపాటు ఇంకోరకం. వరంగల్ మెడికల్ షాపులోనే దొరుకుతాయి కాబట్టి రెండు పట్టీలు తెచ్చి మొదలుపెడతారు. అస్సేకు 20 మాత్రలు, మాత్ర కరిగే తీరు చూసే డిసొల్యూషన్ పరీక్ష మూడో దశ దాకా వెళ్తే 24. పద్ధతి నిర్ధారణకు మళ్లీ మళ్లీ కావాలి. వంద మాత్రలు ఒకే బ్యాచ్‌వి, బ్యాచ్ నంబరు రాసిన బిల్లుతో ఒకేసారి తీసుకోవాలి. సగంలో బ్యాచ్ మారితే అంతవరకు వచ్చిన సంఖ్యలను పోల్చలేం.

రవాణా, పర్మిట్లు

హైదరాబాద్ నుంచి హనుమకొండ 145 కిలోమీటర్ల దూరమే. వేదిక మీద ‘రెండు రోజుల్లో డెలివరీ’ అని కనిపించినా, ఆ మాట హైదరాబాద్ దాకానే నిజం. అసిటోనైట్రైల్ మండే ద్రవం, ఐక్యరాజ్యసమితి సంఖ్య 1648. మామూలు బస్సు పార్సిల్‌లో వేయకూడదు. అందుకే డీలర్ అనుమతి ఉన్న రవాణాలో నాలుగైదు ఆర్డర్లు పోగయ్యాకే పంపుతాడు. సీరం సంగతి మరీ సున్నితం. సాధారణ థర్మకోల్ పెట్టెలో డ్రై ఐస్ రోజుకు సుమారు 2 నుంచి 5 కిలోలు ఆవిరైపోతుంది. ఢిల్లీ నుంచో బెంగళూరు నుంచో వచ్చే పెట్టె శుక్రవారం బయలుదేరితే ఆదివారం గోదాంలో ఆగి సోమవారం కరిగిపోయిన సీరంతో చేరుతుంది. ఆర్డర్‌లోనే ‘సోమ, మంగళవారాల్లో మాత్రమే పంపాలి, ఉష్ణోగ్రత నమోదు పరికరం పెట్టాలి, సీసా గడ్డకట్టిన స్థితిలో లేకపోతే తిరస్కరిస్తాం’ అని రాయాలి. ఈ షరతును వేదిక తనంతట అడగదు, అదనపు నిబంధనల గడిలో కొనేవారే పెట్టాలి.

కొన్నింటికి వేదిక ఎంత బాగున్నా ప్రభుత్వ అనుమతే ముందు. ఇథనాల్‌కు ఎక్సైజ్ శాఖ పర్మిట్ కావాలి. అసిటిక్ ఎన్‌హైడ్రైడ్ మాదకద్రవ్యాల చట్టం కింద 2013 ఉత్తర్వుతో నియంత్రిత పదార్థం, రిజిస్ట్రేషన్, లెక్కల నిబంధనలు చూసుకోకుండా ఆర్డర్ పెట్టకూడదు. ఎలుకలు, కుందేళ్లకు జంతు నైతిక కమిటీ ఆమోదం, నమోదైన పెంపకందారు రెండూ ఉండాలి. విదేశీ మాత్రలను పరీక్ష కోసం తెప్పించాలంటే ఫారం 12తో దరఖాస్తు చేసి ఫారం 11 లైసెన్స్ పొందాలి. కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ 2015లో తెచ్చిన సుగమ్ పోర్టల్ వల్ల ఈ దరఖాస్తులు ఆన్‌లైన్ అయ్యాయి. కాని లైసెన్స్‌లో రాసిన పరిమాణం, తయారీదారు చిరునామా, ఇన్‌వాయిస్‌లోవి అక్షరం తేడా లేకుండా సరిపోవాలి. లేకపోతే శంషాబాద్ విమానాశ్రయంలో సరుకు ఆగి డెమరేజ్, అంటే అక్కడ నిల్వ ఉంచిన రుసుము పెరుగుతుంది. లైసెన్స్ వచ్చాకే సరఫరాదారును పంపమనడం సురక్షితం.

సరుకు అందాక

జెమ్‌లో సరుకు చేరిన పది రోజుల్లో రసీదు, అంగీకార పత్రం ఇవ్వాలి. ఆ తర్వాత చెల్లింపు గడువు మొదలవుతుంది. ఈ పది రోజులే కొనుగోలులో అత్యంత విలువైన సమయం, చాలాచోట్ల వృథా అయ్యేదీ ఇదే. పెట్టె విప్పి లెక్క చూసి స్టోర్ వారు ‘అంగీకరించాం’ అని నొక్కేస్తారు, స్కాలర్ నెల తర్వాత సీల్ విప్పుతాడు. అప్పటికి తిరిగి పంపే హక్కు ఉండదు. కాలమ్ వచ్చిన రోజే దాని పరీక్షా పత్రంలో ఇచ్చిన మిశ్రమాన్ని ఇంజెక్ట్ చేసి ప్లేట్ల సంఖ్య (విడదీసే శక్తికి కొలత), టైలింగ్ (శిఖరం తోక సాగడం) చూసి ప్రింట్ తీసి ఫైల్‌లో పెట్టాలి. అసిటోనైట్రైల్‌కు నమూనా వేయకుండా గ్రేడియంట్ నడిపితే చాలు, అరగంటలో తేలుతుంది. స్టాండర్డ్‌ను తూచి, నీటి శాతం కొలిచే కార్ల్ ఫిషర్ పరీక్ష చేసేంత పదార్థం లేకపోయినా, ద్రవీభవన స్థానం, ఐఆర్ (పరారుణ) స్పెక్ట్రం, హెచ్‌పీఎల్‌సీలో ఒక్క ఇంజెక్షన్ చూడవచ్చు. అంగీకార బటన్ స్టోర్ దగ్గర కాక పరిశోధకుడి సంతకం తర్వాతే నొక్కాలన్న చిన్న నియమం పెట్టుకున్న విభాగాల్లో తగాదాలు తగ్గుతాయి.

డబ్బు వైపు చిక్కు గ్రాంటు విడుదలలో ఉంది. నిధులు ఆర్థిక సంవత్సరం చివరి త్రైమాసికంలో వస్తే మార్చి 31 లోపు ఖర్చు చూపాలన్న ఒత్తిడిలో స్పెసిఫికేషన్ పాతదే అతికిస్తారు, సీరం వేసవికి ముందే కొనేసి డీప్ ఫ్రీజర్ నింపుతారు. ఇండెంట్ వరుసలను గ్రాంటు రాకముందే, సెప్టెంబరులోనే పూర్తిగా రాసి కమిటీతో ఆమోదింపజేసి ఉంచితే మార్చి కొనుగోళ్లలోనూ నాణ్యత నిలుస్తుంది. ఆలస్యంగా చెల్లించే సంస్థకు డీలర్ తన వడ్డీని ధరలో కలుపుకుంటాడు. అందుకే ఒకే సీసాకు రెండు కాలేజీలకు రెండు ధరలు వస్తాయి.

కొనకుండా పని జరిగే తోవ కూడా ఉంది. 2020లో మొదలైన ఐ-స్టెమ్ పోర్టల్‌లో దేశంలోని ప్రభుత్వ సంస్థల పరికరాలను రుసుముకు బుక్ చేసుకోవచ్చు. ఏడాదికి ఇరవై నమూనాలకు, విడదీసిన పదార్థాల అణుభారం కూడా చూపే ఎల్‌సీ-ఎంఎస్ యంత్రం కొనే ప్రతిపాదన పెట్టడం కన్నా ఇది మేలు. సరుకు విషయంలో ఇలాంటి ఉమ్మడి పద్ధతి వరంగల్‌లో ఇంకా ఏర్పడాల్సి ఉంది. హనుమకొండ, వరంగల్, కాజీపేటల్లోని ఫార్మసీ, కెమిస్ట్రీ విభాగాలు తమ ఏడాది ద్రావకాల అవసరాన్ని ఒకే స్పెసిఫికేషన్ కింద కలిపి ధర ముందే ఖరారు చేసుకునే ఒకే రేట్ కాంట్రాక్ట్ పిలిస్తే, డీలర్‌కు నెలకొక నిండు లారీ లోడు హామీగా దొరుకుతుంది. రేటు ఆరు నెలలకు, లాట్ మారినప్పుడల్లా కొత్త సీఓఏ, తిరస్కరిస్తే పది రోజుల్లో మార్పిడి, రవాణా అతని ఖర్చు అన్న నాలుగు షరతులతో అది మొదలుపెట్టవచ్చు. ఒక్కో విభాగం తన ఆర్డర్ తానే ఇచ్చుకుంటుంది, తన బిల్లు తానే చెల్లిస్తుంది. కాబట్టి ఒకరి నిధుల ఆలస్యం ఇంకొకరి సీసాను ఆపదు.